మంచం మీద నుంచీ పరామర్శ: దివ్యాంగ విశ్వాసులతో సంఘంలో ఫోన్ పరిచర్య నడిపే విధానం

చాలా సంఘాల్లో దివ్యాంగులకు దొరికే చోటు ఒక్కటే. క్రిస్మస్‌కి దుప్పటి, బియ్యం సంచి అందుకునే వరుసలో నిలబడడం, లేదంటే స్వస్థత ప్రార్థనప్పుడు ముందుకు రావడం. ఇచ్చేవాళ్ల వైపు వారికి కుర్చీ ఉండదు. ఆ కుర్చీ వేయడానికే ఈ మార్గదర్శి. ఇందులో చెప్పేది ఒకే పని గురించి: ఆదివారం గుడికి రాలేని వారిని వారానికి రెండుసార్లు ఫోన్లో పలకరించి, విని, ప్రార్థించే పరామర్శ బృందం. ఆ బృందంలో ఫోన్ చేసే సేవకులందరూ దివ్యాంగులే.

ఈ పని ఎందుకంటే, ప్రతి సంఘంలోనూ దీని అవసరం నిజంగా ఉంది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ అమ్మమ్మ ఉంటుంది. పిల్లలు హైదరాబాదులోనో డాలస్‌లోనో స్థిరపడితే ఊళ్లో ఇద్దరే మిగిలిన ముసలి దంపతులుంటారు. నిరుడు భర్త పోయి ఇంకా కూడికలకు రాలేకపోతున్న ఆమె ఉంటుంది. పాస్టర్ గారు వీళ్లందరి ఇళ్లకు నెలకొకసారి వెళ్లగలిగితే గొప్ప. పక్కింట్లో పాటలు వినబడుతున్నా తాను గదిలోనే ఉండిపోవడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి ఫోన్ చేస్తే, ఆ మాట వేరేగా చేరుతుంది.

ముందు పెద్దలతో మూడు విషయాలు తేల్చుకోండి

సంఘపెద్దల కూటంలో ఈ మూడూ తేలకుండా మొదటి కాల్ చేయకండి.

మొదటిది, ఇది సంఘం పరిచర్య. క్వయర్‌కీ సండే స్కూల్‌కీ ఉన్నట్టే దీనికీ లెక్కల పుస్తకంలో ఒక పద్దు ఉండాలి. "పాపం, వాళ్లకి కాలక్షేపం" అని ఎవరైనా అంటే అక్కడే ఆపి సరిదిద్దాలి. ఆ మాట ఒకసారి చెవిన పడితే మంచి సేవకులు మళ్లీ రారు.

రెండోది, పాస్టర్ గారు వారానికి పదిహేను నిమిషాలు ఈ బృందం నివేదిక వినాలి. విన్నాక ఏదో ఒకటి చేయాలి: ఒక ఇంటికి వెళ్లడమో, ఒక ఫోన్ చేయడమో. చెప్పింది ఎక్కడికీ చేరడం లేదని తెలిశాక రెండు నెలలకు మించి ఎవరూ ఈ పని చేయరు.

మూడోది కష్టమైనది. "విశ్వాసం సరిగ్గా ఉంటే స్వస్థత వచ్చేది కదా" అనే మాట మన కూడికల్లో ఇంకా వినిపిస్తుంది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో శిష్యులు అడిగిన ప్రశ్న కూడా అదే: వీడు చేసిన పాపమా, కన్నవారి పాపమా? రెండూ కాదని ప్రభువు చెప్పాడు. బలహీనంగా కనబడే అవయవాలే మరింత అవశ్యమని 1 కొరింథీయులు 12:22 చెబుతుంది. తన శరీరంలో ఉన్న ముల్లు తొలగలేదని పౌలే రాశాడు. స్వస్థత కోసం ప్రార్థించడంలో తప్పు లేదు. కానీ బాగయ్యేదాకా పరిచర్యకు పనికిరారన్న ఆలోచన వాక్యంలో లేదని కాపరి పుల్‌పిట్ మీద నుంచే ఒకసారి స్పష్టంగా చెప్పాలి. బృందం తరఫున వేరే ఎవరు చెప్పినా అది వాదనగానే మిగిలిపోతుంది.

పెద్దలకు ఉదాహరణ కావాలంటే మన చిత్తూరుకు దగ్గర్లోని వేలూరే ఉంది. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని నడుము కింద చచ్చుబడిపోయారు. ఆ తర్వాత చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తర్వాత పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, ఆ విభాగానికి అధిపతి అయ్యారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు. కూర్చుని చేయగలిగిన పని ఏదో వెతికి దాన్ని ఆమెకు అప్పగించినవారు అక్కడ ఉన్నారు. పెద్దలు చేయాల్సింది ఆ వెతుకులాటే.

మనుషులను అడగడం

నలుగురు సేవకులు, ఒక సమన్వయకర్తతో మొదలుపెట్టండి. ఒక్కొక్కరికి ఆరు పేర్లు. ఒక్కో పేరుకు వారానికి రెండు కాల్స్, కాల్‌కు సుమారు పన్నెండు నిమిషాలు. అంటే ఒక్కొక్కరికి వారానికి రెండున్నర గంటలు. ఇరవై నాలుగు ఇళ్లకు పలకరింపు అందుతుంది. మొదటి ఆరు నెలలు ఇంతకు మించి పెంచకండి. ఉత్సాహం కొద్దీ ఒకరికి పదిహేను పేర్లు ఇస్తే మూడో వారానికి సగం కాల్స్ తప్పుతాయి. ఎదురుచూసి నిరాశపడిన ముసలమ్మకు అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

వైకల్యాన్ని చూసి మనిషిని ఎంచకండి. చూపు లేనివారందరికీ చెవి చురుకు అనీ, మంచాన ఉన్నవారందరికీ ఓపిక ఎక్కువ అనీ అనుకోవడం పొరపాటు. కావలసింది మూడే లక్షణాలు: విన్నది కడుపులో దాచుకోగలగాలి, చెప్పిన వేళకు ఫోన్ చేయాలి, ఎదుటివారి మాట పూర్తయ్యేదాకా ఆగాలి. ఇవి ఉన్నాయో లేదో ఇంటికి వెళ్లి గంటసేపు మాట్లాడితే తెలిసిపోతుంది.

"మీరేం చేయగలరు?" అని అడగకండి. ఏళ్ల తరబడి 'నీ వల్ల కాదు' అని విన్న మనిషి దానికి "ఏముందండీ నాతో" అనే బదులిస్తాడు. పని పేరు చెప్పే అడగండి: "అక్కా, ఆరుగురు పెద్దవాళ్లు ఆదివారం రాలేకపోతున్నారు. మంగళవారం, శుక్రవారం వాళ్లకు ఫోన్ చేసే పని మీరు చూస్తారా? ఆరు వారాలు చేసి చూడండి. కుదరకపోతే మానేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు." ఆరు వారాల గడువు, మానేసే హక్కు రెండూ ముందే చెప్పాలి. చాలామంది ఒప్పుకునేది ఆ హక్కు ఉందని తెలిశాకే.

ఇంట్లోవాళ్లతోనూ మాట్లాడాలి. ముఖ్యంగా పెళ్లికాని ఆడపిల్ల అయితే తల్లికి భయం ఉంటుంది: ఎవరెవరి నంబర్లో, ఎవరు తిరిగి ఫోన్ చేస్తారో అని. ఆ భయం న్యాయమైనదే. ఆడవాళ్లకు ఆడవాళ్ల పేర్లే ఇవ్వండి. సంఘం కొనిచ్చిన సిమ్ నుంచే కాల్స్ వెళ్లాలి, సొంత నంబరు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ రెండు మాటలు చెబితే తల్లులు సాధారణంగా కాదనరు. అయితే నిర్ణయం మాత్రం సేవ చేసే మనిషిదే. ముప్పై ఏళ్ల మనిషి కుర్చీలో ఉన్నంత మాత్రాన ఆమె బదులు అమ్మను అడిగి వచ్చేయకూడదు.

సేవకులను ఇద్దరిద్దరిగా జత చేయండి. ఒకరికి మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చినా, మూర్ఛ వచ్చినా, ఒళ్లు బాగోలేకపోయినా రెండోవారు ఆ పేర్లకు చిన్న కాల్ చేసి "అన్నకి ఒంట్లో బాగోలేదమ్మా, వచ్చే వారం ఆయనే చేస్తారు" అని చెబుతారు. మొదటి రోజే ఈ ఏర్పాటు ఉంటే జబ్బు పడ్డవారికి తప్పు చేశామన్న బాధ ఉండదు.

పేర్ల జాబితా

పాస్టర్ గారి దగ్గరున్న నంబర్లన్నీ తెచ్చి పంచేయకండి. ప్రతి ఇంటినీ ముందుగా అడగాలి: "మన సంఘం నుంచి వారానికి రెండుసార్లు ఒకరు ఫోన్ చేస్తారు, సరేనా? ఏ వేళ బాగుంటుంది?" ఒప్పుకున్న పేరు పక్కన మూడు వివరాలు రాసుకోండి: వినికిడి ఎలా ఉంది, ఇంట్లో ఇంకెవరు ఉంటారు, ఫోన్ ఎత్తకపోతే తలుపు తట్టగల పొరుగువారి నంబరు ఏది. ఈ పొరుగు నంబరు లేకుండా ఒంటరిగా ఉండేవారిని జాబితాలో చేర్చవద్దు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మొదటి కాల్‌లో పాస్టర్ గారో, వారికి తెలిసిన సంఘపెద్దో కాన్ఫరెన్స్‌లో ఉండి పరిచయం చేయాలి. ఫోన్ మోసాల భయం ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. కొత్త గొంతు "సంఘం నుంచండీ" అంటే పెద్దవాళ్లు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆ పరిచయంలోనే చెప్పండి: "మేము ఎప్పుడూ డబ్బు అడగం, ఓటీపీ అడగం, ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు అడగం. ఎవరైనా మా పేరు చెప్పి అడిగితే వెంటనే పెట్టేయండి." సెరిబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతినడం) వల్ల మాట ముద్దగా వచ్చే సేవకులకు ఈ పరిచయం మరీ ముఖ్యం. తెలియనివారు ఆ మాట విని తాగి ఉన్నాడనుకుంటారు. ముందే పరిచయం జరిగితే రెండో కాల్ నాటికే చెవి అలవాటు పడుతుంది.

వేళ విషయం. పొద్దున పదిన్నర నుంచి పన్నెండు, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు మంచి సమయాలు. మధ్యాహ్నం కునుకు వేళ, రాత్రి సీరియళ్ల వేళ వద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటో తారీకు పొద్దున ఇంటికే పింఛను తెస్తారు, అందరి కళ్లూ వీధి వైపే ఉంటాయి. ఆ రోజు కాల్స్ సాయంత్రానికి జరపండి.

ఫోన్, కుర్చీ, శరీరం

పరిచర్య నిలబడడం, కూలిపోవడం ఎక్కువగా ఇక్కడే తేలుతుంది. అందుకే ఈ భాగం కొంచెం పెద్దది.

చూపు లేనివారు ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుంటారు, తెర మీద ఉన్నదాన్ని అది చదివి వినిపిస్తుంది. షార్ట్‌కట్ పెట్టి ఉంటే రెండు వాల్యూమ్ మీటలూ కలిపి మూడు సెకన్లు నొక్కితే అది మొదలవుతుంది. తెలుగు గొంతు కోసం ఫోన్ సెట్టింగుల్లోని టెక్స్ట్ టు స్పీచ్‌లో తెలుగు ఎంచుకోవాలి. టాక్‌బ్యాక్ ఉన్నప్పుడు రెండు వేళ్లతో తెరను రెండుసార్లు తడితే కాల్ ఎత్తవచ్చు, పెట్టేయవచ్చు. పేర్లను "పరామర్శ ఒకటి మేరమ్మ", "పరామర్శ రెండు" అన్నట్టు ఒకే మాటతో మొదలుపెట్టి దాచుకుంటే ఆరు పేర్లూ వరుసగా ఒకేచోట వస్తాయి. లేకపోతే వంద పేర్ల మధ్య వెతకాలి. చెవిలో తీగ ఉన్న ఇయర్‌ఫోన్ ఒకవైపే పెట్టుకోవాలి. రెండు చెవులూ మూసుకుంటే ఇంట్లో ఎవరు వచ్చారో తెలియదు. స్పీకర్‌లో మాట్లాడితే గుట్టు ఇల్లంతా తెలిసిపోతుంది.

చేతుల్లో పట్టు లేనివారికి మంచానికో బల్లకో బిగించే, మెడ వంగే స్టాండు కావాలి. ఫోన్ ముఖానికి ఒక మూర దూరంలో ఉండాలి. గూగుల్ అసిస్టెంట్‌కి నోటితో చెప్పి కాల్ కలపవచ్చు. పేర్లు చిన్నవిగా ఉంటేనే అది సరిగ్గా పట్టుకుంటుంది. వీరికీ ఇయర్‌ఫోనే మేలు. ఇంట్లోవారు ఉదయం దాన్ని ఒకసారి తగిలించి, కాల్స్ అయ్యేదాకా గదిలోంచి బయటికి వెళ్లాలి. ఈ షరతు ఇంట్లోవారికి ముందే చెప్పి ఒప్పించండి.

వెన్నుపూస దెబ్బతిని స్పర్శ లేనివారి విషయంలో జాగ్రత్త. మాటల్లో పడి గంటన్నర కదలకుండా కూర్చుంటే పిరుదుల దగ్గర, తోక ఎముక దగ్గర చర్మానికి రక్తం అందదు. నొప్పి తెలియదు కాబట్టి పుండు పడ్డాక గానీ కనబడదు. ఒక పడక పుండు మానడానికి నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ బోర్లా పడుకోవాలి. అందుకే ఆరు కాల్స్‌నీ ఒక్క ఊపున చేయకూడదు. రెండు కాల్స్ అయ్యాక ఆపి, చేతులతో శరీరాన్ని పైకి లేపడమో, ముందుకో పక్కకో వంగి ఒకటి రెండు నిమిషాలు ఉండడమో చేయాలి. మొత్తం మీద ఇరవై, ముప్పై నిమిషాలకు ఒకసారి బరువు మారాలి. కింద ఫోమ్, జెల్ లేదా గాలి కుషన్ ఉండాలి, ప్లాస్టిక్ కుర్చీ మీద మడిచిన దుప్పటి చాలదు. మంచం మీద నుంచి చేసేవారికి ప్రతి రెండు గంటలకూ పక్క మార్చే వేళ ఉంటుంది, కాల్స్‌ని ఆ వేళల మధ్యే సర్దుకోవాలి. క్యాథటర్ (మూత్రం తీసే గొట్టం) వేసుకునేవారికి నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి ఆ పని ఉంటుంది, దాన్ని కూడా లెక్కలోకి తీసుకుని వేళ నిర్ణయించండి. కాల్స్ కోసం నీళ్లు తాగడం మానేసేవారున్నారు. అది ఇన్ఫెక్షన్‌కి దారి, ఒప్పుకోవద్దు.

మేధో వైకల్యం ఉన్నవారు ఒంటరిగా కాల్ చేయడం చాలాసార్లు కుదరదు, జతగా బాగా కుదురుతుంది. జతలోని ఒకరు మాట్లాడతారు, చివర్లో ఇంకొకరు పాట పాడతారు, లేదా తనకు వచ్చిన ప్రార్థన చేస్తారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఒక చరణం ప్రతిసారీ ఒకే గొంతు నుంచి వినడానికి పెద్దవాళ్లు ఎదురుచూస్తారు. ఆ పాట మధ్యలో రెండో జతగాడు గొంతు కలిపి సరిచేయకూడదు.

కాల్ ఎలా సాగాలి

పన్నెండు నిమిషాలను మనసులో ఇలా పంచుకోవాలి: పలకరింపు ఒక నిమిషం, వినడం ఆరేడు, వాక్యం ఒకటిన్నర, ప్రార్థన రెండు, ముగింపు ఒకటి.

"వందనాలమ్మా, శుక్రవారం ఫోన్ చేస్తానన్నాను కదా, నేనే" అని మొదలుపెట్టి, పోయినసారి చెప్పిన ఒక్క విషయం గుర్తుచేయండి: "మోకాలి నొప్పి ఎలా ఉంది? మనవడి పరీక్షలు అయ్యాయా?" ఈ ఒక్క ప్రశ్నతో కాల్ మొక్కుబడి కాదని తెలుస్తుంది. తర్వాత మాట వారిది. సలహా ఇవ్వాలనిపిస్తే నోరు కట్టుకోండి. 'ఊ', 'అవునా' అంటూ ఉంటే చాలు. వయసుతో ముందు తగ్గేది సన్నని శబ్దాల వినికిడి. అందుకే అరిస్తే లాభం లేదు, గొంతు కాస్త దించి, మాట మాటకీ మధ్య చిన్న ఎడం ఇస్తే బాగా వినబడుతుంది.

వాక్యం ఒకటి రెండు వచనాలే. అధ్యాయం చదవకండి, ఫోన్లో పట్టుబడదు. ప్రార్థనకు ముందు తప్పకుండా అడగండి: "ఏ విషయం గురించి ప్రార్థించమంటారు?" వాళ్లు చెప్పిందే ప్రార్థించండి. మీకు తోచిన పాపాలు, లోపాలు అందులో చేర్చకండి. ప్రార్థన రూపంలో చేసే ఉపదేశం ఎవరికైనా తెలిసిపోతుంది.

కాల్ సాగిపోతూ ఉంటే ముగించే మాట ముందే సిద్ధంగా ఉండాలి: "అమ్మా, ఇంకో ఇంటివాళ్లు ఎదురుచూస్తుంటారు, ఈ మాట మంగళవారం ఇక్కడి నుంచే మొదలుపెడదాం." మళ్లీ ఏ రోజు, ఏ వేళకు చేస్తారో చెప్పకుండా ఫోన్ పెట్టకండి. ఒంటరి మనిషి ఆ తారీకునే గోడ మీద క్యాలెండర్‌లో చుట్టుకుంటారు.

"అయ్యో తల్లీ, నీకే అంత కష్టం, నాకు ఫోన్ చేస్తున్నావా" అన్న జాలి మాట తప్పకుండా వస్తుంది. కోపగించుకోవద్దు, సొంత కథలోకీ వెళ్లొద్దు. "నాకేం ఫర్వాలేదమ్మా, ఇవాళ మీ సంగతి విందామని చేశాను" అని మాట తిప్పండి. కొందరు అటువైపు నుంచే మీ స్వస్థత కోసం ప్రార్థన మొదలుపెడతారు. ఇష్టమైతే వినండి. లేకపోతే "ఈ వారం నా పేర్లలోని ఆరుగురి కోసం ప్రార్థించండి, నాకు అదే సాయం" అనండి. ఇది వినయంగా ఉంటూనే ప్రార్థనను పనివైపు తిప్పుతుంది.

సేవకులకు తెలిసిన ఇంకో విద్య ఉంది, దాన్ని వాడుకోండి. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం (వైకల్య పరీక్షా శిబిరం) స్లాటు ఎలా బుక్ చేసుకోవాలి, పింఛనుకు నలభై శాతం వైకల్యం ఎందుకు కావాలి, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) ఎందుకు, పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీద ఎలా తిప్పాలి, ఇవన్నీ వాళ్లు స్వయంగా పడి నేర్చుకున్నవి. పక్షవాతం వచ్చిన ఇంట్లో మొదటి నెలలో ఎవరికీ ఏమీ తోచదు. ఆ ఇంటికి ఇలాంటి మనిషి ఫోన్ దైవసాయమే. మందుల జోలికి మాత్రం వెళ్లకూడదు. "డాక్టరు గారినే అడగండి" అన్నది ఖాయమైన జవాబు.

గుట్టు

మన సంఘాల్లో ప్రార్థన అంశమే చాడీగా మారే ప్రమాదం ఉంది. మంగళవారం ఫోన్లో ఏడుస్తూ చెప్పిన సంగతి ఆదివారం మైకులో "ఫలానా కుటుంబంలో సమాధానం కోసం" అని వినబడితే ఆ ఇల్లు ఇక ఎప్పటికీ నోరు విప్పదు. అందుకే ప్రతి అంశానికీ అడిగి గుర్తు పెట్టండి: సంఘమంతా ప్రార్థించవచ్చా, పాస్టర్ గారికి మాత్రమేనా, నాతోనే ఉంచాలా. ఏమీ చెప్పకపోతే మూడోదే లెక్క.

రాసుకునే పుస్తకంలో పేర్లు వద్దు, జాబితాలోని అంకె చాలు. తారీకు, మాట్లాడారా లేదా, ఎలా ఉన్నారు, ఏం కావాలి, ఎవరికి చెప్పాలి. రాయలేనివారు కాల్ అయ్యాక సమన్వయకర్తకు అరనిమిషం వాయిస్ మెసేజ్ పంపితే, వారు పుస్తకంలో రాసి ఆ మెసేజ్ చెరిపేయాలి. వాట్సాప్ గ్రూపులో ఎవరి సంగతీ పెట్టకూడదు. గ్రూపు ఉండాలనుకుంటే సెలవులు, వేళలు చెప్పుకోవడానికే.

గుట్టు పక్కన పెట్టాల్సిన వేళ

ప్రాణానికి ముప్పు ఉంటే ఏ మాటా గుట్టు కాదు. ఈ సంగతి మొదటి కాల్‌లోనే చెప్పి ఉంచాలి.

ఒంటరిగా ఉండేవారు చెప్పిన వేళకు ఫోన్ ఎత్తకపోతే అరగంట ఆగి మళ్లీ చేయండి. అప్పుడూ ఎత్తకపోతే పొరుగువారికి. వారూ దొరకకపోతే సమన్వయకర్త గంటలోపు ఒక మనిషిని ఇంటికి పంపాలి. స్నానాల గదిలో పడిపోయినవారిని ఈ చిన్న వరుసే కాపాడుతుంది. మాట తడబడుతోందన్నా, మూతి వంకరపోయిందన్నా, గుండెలో నొప్పి అన్నా ప్రార్థన తర్వాత, ముందు 108.

"చచ్చిపోవాలని ఉంది" అంటే ఉలిక్కిపడి వాక్యం చదివేయకండి. సూటిగా అడగండి: "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు?" అడిగితే ఆలోచన పెరుగుతుందన్నది అపోహ. ఫోన్ పెట్టకుండా మీ ఇంట్లోని మరో ఫోన్ నుంచి సమన్వయకర్తకు చెప్పించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. పెద్దవాళ్లను ఇంట్లో కొడుతున్నారని, తిండి పెట్టడం లేదని తెలిస్తే 14567. ఆడవారిపై హింసకు 181, పిల్లల విషయానికి 1098. పిల్లలపై లైంగిక వేధింపు అని తెలిస్తే పోక్సో చట్టం 2012 ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి. "సంఘంలోనే సర్దుకుందాం" అనే పెద్దరికం ఇక్కడ చెల్లదు. ఈ నంబర్లన్నీ నాలుగు ఫోన్లలోనూ ముందే దాచి ఉంచండి. చూపు లేనివారికి కంఠతా రావాలి.

బధిరులైన సేవకులకు వీడియో కాల్

వినబడనివారు ఈ బృందంలో లేకపోతే చుట్టుపక్కల ఊళ్లలోని బధిర విశ్వాసులను పలకరించేవారే ఉండరు. వీరికి వీడియో కాల్. ఫోన్ స్టాండు మీద ఉండాలి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. వెలుతురు ముఖం మీద పడాలి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే నీడే కనబడుతుంది. ఒంటి రంగుకు భిన్నమైన, గీతలు లేని చొక్కా వేసుకోవాలి. చాలామంది బధిరులకు రాతలోని తెలుగు రెండో భాష లాంటిది. పొడుగాటి వాట్సాప్ సందేశం, గ్రాంథికంలోని వచనం అలాగే పంపితే అర్థం కాదు. వచనాన్ని సంజ్ఞలతో చెప్పి వీడియో తీసి పంపడం మేలు. బడికి వెళ్లని పెద్దవాళ్లకు ఇంటి సంజ్ఞలే తెలుసు, భారతీయ సంజ్ఞా భాష రాదు. వారి ఇంటికి మొదటిసారి మనిషి వెళ్లి, ఆ సంజ్ఞలు నేర్చుకుని రావాలి.

ఆదివారం

ఫోన్‌లో సేవ చేసే మనిషి ఆదివారం గుడి మెట్ల దగ్గరే ఆగిపోతే ఆ పరిచర్యకు అర్థం లేదు. ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు ఉండాలి. అంటే మెట్ల ఎత్తు మొత్తం 45 సెంటీమీటర్లయితే ర్యాంపు పొడవు 5.4 మీటర్లు. స్థలం చాలదని రెండు మీటర్లలో ముగించేస్తే అది జారుడుబల్ల, కుర్చీ వెనక్కి పడుతుంది. వెడల్పు 120 సెంటీమీటర్లు, గరుకు సిమెంటు. నున్నటి గ్రానైట్ వేస్తే వానాకాలంలో చంకకర్రల వారు పడిపోతారు. ర్యాంపు కట్టాక దాన్ని మూసేసేది చెప్పుల గుట్ట. చెప్పులకు వేరే చోట అరలు పెట్టి, ఒక యవ్వనస్థుడికి ఆ బాధ్యత ఇవ్వండి. క్యాలిపర్‌కి (కాలికి ఊతంగా కట్టే లోహపు పట్టీకి) బూటు అతికే ఉంటుంది, దాన్ని విప్పమనకూడదు. గుమ్మం దగ్గర తడిగుడ్డ ఉంచితే చక్రాలూ బూట్లూ తుడుచుకుంటారు.

మరుగుదొడ్డి మాట ఎవరూ ఎత్తరు. తలుపు 90 సెంటీమీటర్లు తెరుచుకోవాలి, లోపల కుర్చీ తిరగడానికి మీటరున్నర ఖాళీ ఉండాలి, గోడకు పట్టుకునే కడ్డీ ఉండాలి. ఇది లేని గుడికి రావాలంటే కొందరు ముందు రాత్రి నుంచే నీళ్లు మానేస్తారు.

సేవకుల్లో ఒకరు ఆదివారం వాక్యం చదవాలనుకుంటే, వేదిక ఎక్కలేనివారి కోసం మైకు కిందికి తేవడం కాకుండా, ఆ రోజు చదివేవారందరూ కిందే నిలబడి చదివేలా చూడండి. బ్రెయిలీలో చదివేవారికి భాగం ఒక వారం ముందే ఇవ్వాలి. తెలుగు బ్రెయిలీలో గుణింతం, ఒత్తు అన్నీ వేర్వేరు గళ్లు తీసుకుంటాయి. 'ప్రేమ' అన్న రెండక్షరాల మాటకు ఐదు గళ్లు కావాలి. పది వచనాలంటే చాలా కాగితాలు, వాటిని చేత్తో పొడవాలంటే ఒక సాయంత్రమంతా పడుతుంది. శనివారం రాత్రి ఫోన్ చేసి "రేపు మీరే చదవాలి" అనడం అన్యాయం.

ఇంకో హెచ్చరిక. నెలకొకసారి వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పించడం, ఫొటోలు తీసి కానుకల కోసం వాడుకోవడం మొదలైతే బృందం చెదిరిపోతుంది. ఫొటోకి ప్రతిసారీ అనుమతి అడగండి, వద్దంటే ఎందుకని అడగకండి.

డబ్బు

28 రోజుల రీచార్జి, ఇయర్‌ఫోన్, స్టాండు, నెలకొకసారి కలుసుకోవడానికి ఆటో ఛార్జీ, ఇవి సంఘం ఖర్చు. తర్వాత ఇస్తామనకుండా ముందే ఇవ్వండి. పింఛను మీద బతికే మనిషి ఆటోకి రెండొందలు పెట్టి నెల రోజులు ఎదురుచూడలేడు, అడగనూ లేడు. ఊళ్లో ఒకే ఆటో అన్నతో మాట్లాడుకుంటే చక్రాల కుర్చీ మడిచి వెనక పెట్టడం ఆయనకు అలవాటవుతుంది. సేవకులు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోకూడదు, ఇవ్వకూడదు. జాబితాలోనివారు మందుల కోసం సాయం అడిగితే "సమన్వయకర్తకు చెబుతాను" అన్నదే జవాబు. ఒకరికి ఐదువందలు పంపారన్న వార్త మిగతా ఇరవై మూడు ఇళ్లకు చేరడానికి ఒక్క రోజు చాలు.

మూడో నెలలో చూడాల్సినవి

నలుగురినీ ఒకచోట కూర్చోబెట్టి పుస్తకం తెరవండి. ఎన్ని కాల్స్ అనుకున్నారు, ఎన్ని జరిగాయి? నాలుగింట మూడు వంతులు దాటితే బాగున్నట్టే. తగ్గితే మనిషిని తప్పుపట్టే ముందు పేర్ల సంఖ్య తగ్గించండి, వేళ మార్చండి. ఏ ఇల్లు ఎక్కువ బరువుగా ఉందో అడగండి, అవసరమైతే జతలో మార్చుకోండి. ఎవరి ఒంటి మీదైనా కొత్తగా ఎర్రటి మచ్చ, పుండు వచ్చిందా అని కూడా ఆ పూటే అడగండి, సిగ్గుపడతారు కాబట్టి విడివిడిగా. పాస్టర్ గారికి చెప్పిన విషయాల్లో ఎన్నింటికి ఏదైనా జరిగిందో లెక్క రాసి ఆయనకే చూపించండి.

ఇక సమన్వయకర్త సంగతి. మొదట్లో ఆ పని నడవగలిగిన ఎవరో చూసి ఉండవచ్చు. ఏడాది తిరిగేలోగా ఆ పుస్తకం బృందంలోనే ఒకరి చేతికి రావాలి. అప్పటి నుంచి సంఘపెద్దల కూటం జరిగినప్పుడు నివేదిక ఇచ్చేది ఆ మనిషే. కూటం మేడ మీద గదిలో జరుగుతుంటే కిందికి దించండి.